సెంటర్ ఫీల్డర్ విలియం హోయ్

విలియం ఎల్స్‌వర్త్ హోయ్ పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా బేస్‌బాల్‌లో పేరున్న సెంటర్ ఫీల్డర్. 1888 నుంచి 1902 దాకా, మధ్యలో ఒక్క ఏడాది తప్ప, ఆ దేశపు అత్యున్నత స్థాయి లీగ్‌లలోనే ఆడాడు. మనిషి పొట్టి, ఐదున్నర అడుగులు కూడా లేడు. బ్యాటు పట్టేది ఎడమచేతి వాటంగా, బంతి విసిరేది కుడిచేత్తో. మూడో ఏట మెనింజైటిస్ వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు గానీ, అంపైర్ కేక గానీ, ప్రేక్షకుల అరుపులు గానీ అతను ఎన్నడూ వినలేదు.

ఈనాడు హోయ్ పేరు ఎత్తగానే అంపైర్ల చేతి సైగలు అతనివల్లే పుట్టాయన్న కథ వినిపిస్తుంది. ఆ కథలో నిజం పాలు ఎంతో తేల్చడం కష్టం. తేలికగా రుజువయ్యే సంగతి వేరే ఉంది. తన చుట్టూ ఉన్న ఆటను చెవితో పనిలేకుండా కంటితో చదువుకోగలిగేలా హోయ్ తానే అమర్చుకున్నాడు. జట్టులో ప్రతి ఒక్కరితో ముందుగా ఒప్పందాలు చేసుకున్నాడు. బంతిని, బౌలర్ లాంటి పిచ్చర్‌ను, పరుగెత్తేవాళ్లను ఓపికగా గమనించాడు. పద్నాలుగేళ్ల పాటు పెద్ద లీగ్‌లలో అతన్ని నిలబెట్టిన తెలివి ఇదే.

హోయ్ 1862 మే 23న ఒహాయో రాష్ట్రంలోని హౌక్‌టౌన్ అనే చిన్న పల్లెటూళ్లో, రైతు కుటుంబంలో పుట్టాడు. ఆ తర్వాత కొలంబస్ నగరంలోని ఒహాయో బధిరుల పాఠశాలలో చేరాడు. 1829లో మొదలైన ఆ బడి అమెరికాలోని పాత బధిరుల పాఠశాలల్లో ఒకటి. అక్కడ పిల్లలు సంజ్ఞా భాషలో చదువుకునేవారు. చదువుతో పాటు చేతివృత్తి కూడా నేర్పేవారు. హోయ్ నేర్చుకున్నది చెప్పులు కుట్టడం. 1879లో తన తరగతిలో మొదటివాడిగా చదువు ముగించాడు. మరుసటి ఏడాదే ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన బధిర విద్య ఉపాధ్యాయుల మహాసభ, బడుల్లో సంజ్ఞా భాషను మాన్పించి నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. ఆ తీర్మానం ప్రభావం దశాబ్దాల పాటు ఎన్నో దేశాల బడుల మీద పడింది. హోయ్ తరం అంతకుముందే సంజ్ఞల్లో చదువు పూర్తి చేసుకుని బయటపడింది. అతనిలో కనిపించే ఆత్మవిశ్వాసానికి, ఏ విషయాన్నైనా స్పష్టంగా కాగితం మీద పెట్టగల నేర్పుకు ఆ బడి చదువే పునాది అనుకోవడంలో తప్పులేదు.

చదువయ్యాక ఊరికి తిరిగొచ్చి చెప్పుల మరమ్మతు దుకాణం పెట్టాడు. ఎండాకాలంలో పల్లె జనం చాలామంది చెప్పుల్లేకుండానే తిరిగేవారు కాబట్టి పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో ఊరి కుర్రాళ్లతో బేస్‌బాల్ ఆడేవాడు. ఆ ఆట చూసినవాళ్ల మాటతో చుట్టుపక్కల పట్టణాల జట్లలో ఆడే అవకాశం వచ్చింది. 1886లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కోష్ పట్టణపు జట్టులో జీతానికి చేరాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. వృత్తి ఆటగాడికి అది ఆలస్యమే.

ఆ రోజుల ఆట ఎలా ఉండేదో కొంత చెప్పుకోవాలి. లేకపోతే హోయ్ ఇబ్బంది ఏమిటో, దాన్ని అతను దాటిన తీరు ఏమిటో అర్థం కాదు. బేస్‌బాల్‌లో పిచ్చర్ బంతిని నేలకు తగలకుండా నేరుగా బ్యాటర్ వైపు విసురుతాడు. కొట్టగలిగిన చోటుకు వచ్చిన బంతిని బ్యాటర్ వదిలేస్తే అది స్ట్రైక్. కొట్టబోయి తప్పినా స్ట్రైకే. అందనంత దూరంగా వెళ్లిన బంతిని వదిలేస్తే దాన్ని బాల్ అంటారు. మూడు స్ట్రైక్‌లు పడితే బ్యాటర్ అవుట్. నిర్ణీత సంఖ్యలో బాల్‌లు పడితే కొట్టకుండానే మొదటి బేస్‌కు, అంటే పరుగు దారిలోని మొదటి మజిలీకి, నడిచి వెళ్లవచ్చు. దాన్ని వాక్ అంటారు. ఆ సంఖ్య 1888లో ఐదు, 1889 నుంచి నాలుగు. ప్రతి బంతికీ తీర్పు చెప్పేది అంపైర్. అప్పట్లో చాలా ఆటలకు అంపైర్ ఒక్కడే. తీర్పు నోటితో గట్టిగా కేకేసి చెప్పేవాడు, చేయి ఎత్తే అలవాటు లేదు.

ఎన్ని స్ట్రైక్‌లు, ఎన్ని బాల్‌లు పడ్డాయన్న లెక్క బ్యాటర్‌కు ప్రాణం. లెక్క తనవైపు ఉంటే మంచి బంతి కోసం ఆగవచ్చు. ఎదురు తిరిగితే అంచున వచ్చిన బంతినైనా కొట్టక తప్పదు. వినికిడి లేని బ్యాటర్‌కు ఈ లెక్క అందదు. ఆష్‌కోష్‌లో మొదటి ఏడాది హోయ్ ప్రతి బంతి తర్వాతా వెనక్కి తిరిగి, తీర్పు ఏమిటని అంపైర్ ముఖం చూసేవాడు. ఆ కాస్త సమయంలోనే, అతను ఇంకా సిద్ధం కాకముందే, ఎదుటి పిచ్చర్ మరో బంతి వేసేసేవాడు. ఆ ఏడాది అతని బ్యాటింగ్ సగటు చాలా తక్కువ.

దీనికి హోయ్ కనిపెట్టిన ఉపాయం చూడటానికి చాలా మామూలుది. బ్యాటింగ్ చేసే జట్టు తరఫున ఒకరు మూడో బేస్ పక్కన నిలబడి పరుగెత్తేవాళ్లకు సలహాలు ఇస్తారు. అతన్ని కోచర్ అనేవారు. ఎడమచేతి వాటం బ్యాటర్ నిలబడితే ముఖం మూడో బేస్ వైపు ఉంటుంది, కాబట్టి పిచ్చర్ మీంచి చూపు కొద్దిగా కదిపితే మూడో బేస్ దగ్గరి మనిషి కనిపిస్తాడు. అంపైర్ కేక వినగానే స్ట్రైక్ అయితే కుడిచేయి, బాల్ అయితే ఎడమచేయి ఎత్తమని హోయ్ ఆ కోచర్‌ను కోరాడు. అంతే, వెనక్కి తిరగాల్సిన పని పోయింది. పిచ్చర్ మీంచి పూర్తిగా చూపు తిప్పకుండానే లెక్క తెలిసేది. 1887లో ఆష్‌కోష్ జట్టుకు ఫ్రాంక్ సెలీ మేనేజరయ్యాడు. తర్వాతి కాలంలో బోస్టన్ జట్టును ఐదుసార్లు విజేతగా నిలిపిన సెలీ ఆయనే. ఆ ఏడాది ఆష్‌కోష్ నార్త్‌వెస్టర్న్ లీగ్ గెలిచింది. హోయ్ బ్యాటింగ్ సగటు ముందటేడు కంటే ఎంతో పైకి ఎగబాకింది. ఆ పెరుగుదల అంతా ఒక్క సైగ వల్లే వచ్చిందని చెప్పలేం. 1887లో నాలుగు స్ట్రైక్‌లు పడితేనే బ్యాటర్ అవుట్ అన్న నిబంధన అమల్లో ఉంది, దానివల్ల అందరి సగటూ పెరిగింది. అయినా ఆ ఆటతోనే పెద్ద లీగ్ తలుపు తెరుచుకుంది.

1888 ఏప్రిల్‌లో నేషనల్ లీగ్‌లోని వాషింగ్టన్ జట్టు తరఫున హోయ్ బరిలో దిగాడు. పెద్ద లీగ్‌లలో ఆడిన మొదటి బధిరుడు అతను కాదు. అతని బడిలోనే చదివిన ఎడ్ డండన్ అనే పిచ్చర్ 1883, 1884లలో కొలంబస్ జట్టుకు ఆడాడు. కానీ రోజూ ఆడుతూ, ఏళ్ల తరబడి నిలబడిన మొదటివాడు హోయ్. మొదటి ఏడాదే 82 బేస్‌లు దొంగిలించి లీగ్‌లో అందరికంటే ముందున్నాడు. బేస్ దొంగిలించడం అంటే, పిచ్చర్ బంతి వేసే క్షణం చూసుకుని, ఎవరూ కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం. అయితే ఈ 82 అంకెను ఇవాళ్టి అంకెలతో నేరుగా పోల్చకూడదు. 1886 నుంచి 1897 దాకా, సాటి ఆటగాడి హిట్ మీద మామూలుగా చేరాల్సిన బేస్ కంటే అదనంగా మరో బేస్ సాహసించి చేరుకున్నా దాన్ని దొంగిలించినట్టే రాసేవారు. ఆ సంగతి తెలిశాక కూడా హోయ్ పరుగు విలువ తగ్గదు, ఎందుకంటే అదే లెక్కతో ఆడిన తోటివాళ్లందరినీ అతను దాటాడు. వినపడని మనిషి బేస్ మీద నిలబడి, వెనకనుంచి కోచర్ వేసే కేకల సాయం లేకుండా, పిచ్చర్ భుజం కదలికను బట్టి, ఫీల్డర్ల చూపును బట్టి బయల్దేరాల్సిన క్షణం ఎంచుకోవడం మామూలు విషయం కాదు.

సెంటర్ ఫీల్డ్‌లో ఇబ్బంది మరో రకం. బేస్‌బాల్ మైదానం విచ్చిన విసనకర్రలా ఉంటుంది. పిడి దగ్గర బ్యాటర్, వెలుపలి అంచు పొడుగునా ముగ్గురు ఫీల్డర్లు, అంటే అవుట్‌ఫీల్డర్లు. నడిమి స్థానమే సెంటర్ ఫీల్డ్. అన్నింటికంటే విశాలమైన చోటు అదే. గాల్లోకి లేచిన బంతి కోసం అతనితో పాటు ఎడమవైపు ఫీల్డర్, కుడివైపు ఫీల్డర్, లోపలి వరుసలోని ఇద్దరు కూడా పరుగెత్తి రావచ్చు. అందరి కళ్లూ ఆకాశం మీదే ఉంటాయి. ‘నాది’ అని ఎవరో ఒకరు అరవకపోతే ఇద్దరు గుద్దుకుని గాయపడతారు. ఆ అరుపు హోయ్‌కు వినపడదు. దీనికి అతను చేసిన ఏర్పాటు అతని స్వభావం మొత్తాన్ని చూపిస్తుంది. జట్టు గది గోడ మీద ఒక ప్రకటన రాసి పెట్టాడు. తనకు బొత్తిగా వినపడదని, బంతి తాను పట్టదలచుకుంటే తప్పకుండా అరుస్తానని, ఆ అరుపు విన్నవాళ్లు పక్కకు తప్పుకోవాలని, తన అరుపు వినపడకపోతే తాను ఆ బంతి జోలికి రావడం లేదని అర్థం చేసుకుని ఎవరిపని వాళ్లు చూసుకోవాలని అందులో వివరించాడు.

ఇందులో గమనించదగ్గది ఒకటుంది. ఇతరులు తనకోసం అరవాలని గానీ, సైగలు చేయాలని గానీ అతను అడగలేదు. వినగలిగినవాళ్ల చెవులను వాడుకునే పద్ధతి పెట్టాడు. గొంతు తనది, వినికిడి వాళ్లది. సెంటర్ ఫీల్డర్‌కు ఎలాగూ మొదటి హక్కు ఉంటుంది కాబట్టి ఈ ఒప్పందం ఆటకు సరిగ్గా అమరింది. చాలా ఏళ్ల తర్వాత టామీ లీచ్, శామ్ క్రాఫర్డ్ అనే పాత ఆటగాళ్లు తమ జ్ఞాపకాలు చెప్పినప్పుడు ఇద్దరూ ఈ అరుపును గుర్తు చేసుకున్నారు. లారెన్స్ రిట్టర్ 1966లో వెలువరించిన ప్రసిద్ధ మౌఖిక చరిత్ర గ్రంథంలో ఆ జ్ఞాపకాలు ఉన్నాయి. హోయ్ గొంతులోంచి వచ్చే ఆ చిన్న కీచు శబ్దం వినపడగానే బంతి అతనిదని తెలిసిపోయేదని, అతనితో ఆడటంలో ఎలాంటి తికమకా ఉండేది కాదని వాళ్లు చెప్పారు.

విసరడంలో అతని ప్రతిభకు 1889 జూన్ 19 నాటి ఆట సాక్ష్యం. ఇండియానాపొలిస్ జట్టు మీద ఆడుతూ హోయ్ ఒకే ఆటలో ముగ్గుర్ని హోమ్ ప్లేట్ దగ్గర అవుట్ చేయించాడు. హోమ్ ప్లేట్ అంటే పరుగు పూర్తయ్యే చోటు. దూరాన ఉన్న సెంటర్ ఫీల్డ్ నుంచి బంతి నేరుగా హోమ్ ప్లేట్ వెనక ఉండే క్యాచర్ చేతిలో పడాలి, అదీ పరుగెత్తేవాడికంటే ముందు. ఒక్క ఆటలో ఒక్కసారి జరిగితేనే జనం చెప్పుకుంటారు. ముగ్గుర్ని ఇలా అవుట్ చేసిన అవుట్‌ఫీల్డర్లు ఆ తర్వాత కూడా వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. 1902లో జిమ్ జోన్స్, 1905లో జాక్ మెకార్తీ ఆ ఘనతను అందుకున్నారు. హోయ్ విసిరిన మూడు బంతుల్నీ అందుకున్న క్యాచర్ పేరు కానీ మాక్. తర్వాతి కాలంలో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టును యాభై ఏళ్లు నడిపిన మాక్ ఆయనే. ఇన్ని జరిగినా వాషింగ్టన్ జట్టు 1888లోనూ 1889లోనూ లీగ్‌లో అట్టడుగునే ఉంది.

1890లో ఆటగాళ్లు యజమానుల మీద తిరగబడ్డారు. ఒకసారి సంతకం చేసిన ఆటగాడిని యజమాని ఏటేటా తన దగ్గరే కట్టిపడేసుకునే ఒప్పంద షరతు మీద ఆ కోపం. జాన్ మాంట్‌గోమరీ వార్డ్ నాయకత్వంలోని ఆటగాళ్ల సంఘం ప్లేయర్స్ లీగ్ పేరుతో సొంత లీగ్ పెట్టింది. హోయ్, మాక్ ఇద్దరూ అందులోని బఫెలో జట్టుకు వెళ్లారు. ఆ జట్టూ చివరి స్థానంలోనే మిగిలింది. డబ్బు చాలక ఆ లీగ్ ఒక్క ఏడాదికే మూతపడింది.

1891లో హోయ్ అమెరికన్ అసోసియేషన్ అనే మరో పెద్ద లీగ్‌లోని సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌లో ఆడాడు. మేనేజర్ చార్లెస్ కమిస్కీ. అవుట్‌ఫీల్డ్‌లో హోయ్‌కు ఒకవైపు టిప్ ఓనీల్, మరోవైపు టామీ మెకార్తీ. ఎత్తుగా వచ్చిన బంతిని పట్టగలిగి కూడా కావాలని నేల తాకనిచ్చి, పరుగెత్తేవాళ్లను తికమకపెట్టి ఇద్దర్ని అవుట్ చేయడంలో మెకార్తీ దిట్ట. జిత్తులకు పేరుపడ్డ మెకార్తీ పక్కన హోయ్ తెలివి వేరే దారిది. ఎదుటివాణ్ణి మోసగించడం కంటే తనవాళ్లతో పొరపాటు రానివ్వకపోవడం మీద అది నిలబడింది. ఆ ఏడాది హోయ్ వందకు పైగా వాక్‌లు సంపాదించి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు.

వాక్‌ల సంగతి కొంచెం ఆగి చూడాలి. ఆ రోజుల పత్రికలు సగటునూ, దొంగిలించిన బేస్‌లనూ పొగిడేవి. కొట్టకుండా నడిచి బేస్ చేరినవాణ్ణి పెద్దగా పట్టించుకునేవి కావు. కానీ జట్టు మొదటి బ్యాటర్‌గా దిగేవాడి పని ఎలాగోలా బేస్ చేరడమే. హోయ్ ఆ పనిని అక్షరాలా చేశాడు. కోచర్ చేయి చూసి లెక్క తెలుసుకుంటూ, పనికిరాని బంతిని వదిలేస్తూ, పనికొచ్చే బంతిని పక్కకు తోసేస్తూ పిచ్చర్‌ను విసిగించేవాడు. పక్కకు పోయిన బంతుల్ని స్ట్రైక్‌గా లెక్కించే నిబంధన నేషనల్ లీగ్‌లో 1901 దాకా రాలేదు, కాబట్టి ఓపిక ఉన్న బ్యాటర్‌కు అది మంచి కాలం. అతని మొత్తం ఆటలో వాక్‌లు వెయ్యి దాటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆట మొదలుపెట్టిన వాళ్లలో ఆ గీత దాటినవాళ్లు చాలా కొద్దిమంది.

అమెరికన్ అసోసియేషన్ 1891తో ముగిసింది. హోయ్ రెండేళ్లు మళ్లీ వాషింగ్టన్‌లో ఆడి, 1894లో సిన్సినాటి రెడ్స్‌కు మారాడు. అక్కడి మేనేజర్ కూడా కమిస్కీయే. ఈలోగా 1893లో పిచ్చర్‌ను వెనక్కి జరిపి, దూరం అరవై అడుగుల ఆరంగుళాలుగా స్థిరపరిచారు. ఆ కొలత నేటికీ మారలేదు. సిన్సినాటిలో 1897 దాకా నాలుగేళ్లు గడిచాయి. ఆ ఊరు చివరికి అతని సొంత ఊరే అయింది.

1898లో లూయీవిల్ కర్నల్స్‌కు వెళ్లేసరికి హోయ్‌కు ముప్పై ఆరేళ్లు. పరుగు మీద బతికే ఆటగాడు ఆ వయసుకు ఇంటిదారి పట్టడం మామూలు. హోయ్ మాత్రం 1898, 1899 రెండేళ్లూ .300కు పైన సగటుతో ఆడాడు, అంటే పది ప్రయత్నాల్లో మూడింటికి మించి హిట్లు. ఆ జట్టులో యువకులు ఎక్కువ. మేనేజరూ లెఫ్ట్ ఫీల్డరూ అయిన ఫ్రెడ్ క్లార్క్, తర్వాత బేస్‌బాల్ చరిత్రలోనే గొప్పవాళ్లలో ఒకడిగా పేరొందిన హోనస్ వాగ్నర్, కుర్రవాడైన టామీ లీచ్ అందులో ఉన్నారు. ప్రయాణాల్లో హోయ్‌తో ఒకే గదిలో ఉన్న లీచ్, అతనితో మాట్లాడటం కష్టమే కాదని చెప్పాడు. హోయ్ పెదవుల కదలిక చదవగలడు, కాస్త మాట్లాడగలడు. తోటివాళ్లు కొన్ని సంజ్ఞలు నేర్చుకున్నారు.

1898లోనే హోయ్ ఆనా మరియా లోరీని పెళ్లాడాడు. ఆమె కూడా బధిరురాలు, బధిర పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయిని. వాళ్లింటి తలుపు గంట గురించి క్రాఫర్డ్ చెప్పిన సంగతి ముచ్చటైనది. బయట పిడి లాగితే లోపల ఒక సీసపు గుండు నేల మీద పడేది. ఆ అదురు కాళ్లకు తెలిసి, ఎవరో వచ్చారని ఇంట్లోవాళ్లు గ్రహించేవారు. మైదానంలో కోచర్ చేతికి, జట్టు గది గోడ మీది ప్రకటనకు, ఈ సీసపు గుండుకు మూలం ఒకే ఆలోచన.

1899 తర్వాత నేషనల్ లీగ్ పన్నెండు జట్ల నుంచి ఎనిమిదికి కుదించుకుపోయింది. లూయీవిల్ జట్టు రద్దయింది. క్లార్క్, వాగ్నర్ లాంటివాళ్లు పిట్స్‌బర్గ్‌కు వెళ్లారు. హోయ్ షికాగో చేరి కమిస్కీ దగ్గరికే వచ్చాడు. ఈసారి కమిస్కీ జట్టు యజమాని. ఆ జట్టు ఆడే అమెరికన్ లీగ్ 1900లో ఇంకా చిన్న లీగే. షికాగో దాన్ని గెలిచింది. 1901లో ఆ లీగ్ తాను కూడా పెద్ద లీగేనని ప్రకటించుకుని నేషనల్ లీగ్‌కు పోటీగా నిలబడింది. ఆ మొదటి ఏడాది కూడా విజేత షికాగోయే. ముప్పై తొమ్మిదేళ్ల హోయ్ ఆ ఏడాది వందకు పైగా పరుగులు చేశాడు. 86 వాక్‌లతో లీగ్‌లో మొదటివాడు. పిచ్చర్ బంతి ఒంటికి తగిలి బేస్ దక్కించుకున్న వాళ్లలోనూ అతనే ముందు. పెద్ద లీగ్‌లలో పన్నెండేళ్లు ఎక్కువగా చివరి జట్లతో, మధ్యస్థపు జట్లతో గడిపిన ఆటగాడికి పెద్ద లీగ్ విజేత జట్టులో సభ్యత్వం అప్పుడు దొరికింది. దీంతో నేషనల్ లీగ్, ప్లేయర్స్ లీగ్, అమెరికన్ అసోసియేషన్, అమెరికన్ లీగ్ అనే నాలుగు పెద్ద లీగ్‌లలోనూ ఆడిన కొద్దిమందిలో హోయ్ చేరాడు.

1902లో సిన్సినాటికి తిరిగొచ్చాడు. మే 16న న్యూయార్క్ జెయింట్స్‌తో ఆట. ఎదుటి పిచ్చర్ లూథర్ టేలర్, కాన్సాస్ రాష్ట్రం నుంచి వచ్చిన బధిరుడు. పెద్ద లీగ్‌లలో బధిర పిచ్చర్ బధిర బ్యాటర్‌కు బంతి వేయడం అదే మొదటిసారి. హోయ్ బ్యాటింగ్‌కు వస్తూ సంజ్ఞలతో టేలర్‌ను పలకరించాడని చెబుతారు. అతనిమీద హిట్లు కూడా కొట్టాడు. ఆ ఏడాది నడుమనే హోయ్ పెద్ద లీగ్ ఆట ముగిసింది. 1903లో నలభై దాటిన వయసులో లాస్ ఏంజెలెస్‌కు వెళ్లి, కొత్తగా ఏర్పడిన పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆడాడు. ఆ జట్టు గెలిచింది. అక్కడితో ఆట మానేశాడు.

మొత్తం లెక్క ఇది: పెద్ద లీగ్‌లలో 1,796 ఆటలు, రెండు వేలకు పైగా హిట్లు, 1,400కు పైగా పరుగులు, దాదాపు ఆరు వందల బేస్‌లు, .287కు అటూ ఇటూగా సగటు. ఆనాటి లెక్కల పుస్తకాలను తర్వాతివాళ్లు సరిచూసిన కొద్దీ చిల్లర అంకెలు మారుతూ వచ్చాయి. హోమ్ రన్‌లు నలభై మాత్రమే. అది గట్టిగా బాదే యుగం కాదు.

ఇక సైగల కథ. స్ట్రైక్‌కు అంపైర్ కుడిచేయి ఎత్తడం హోయ్ కోసమే మొదలైందని పుస్తకాల్లో, బధిర పత్రికల్లో చాలాకాలంగా రాస్తున్నారు. పెద్ద లీగ్‌లలో అంపైర్లు అందరూ చేతి సైగలు చేయడం 1905 తర్వాతే స్థిరపడింది. ఆ ఘనతను సాధారణంగా బిల్ క్లెమ్ అనే అంపైర్‌కు ఇస్తారు. అదే కాలంలో చిన్న లీగ్‌లో సై రిగ్లర్ అనే అంపైర్ కూడా స్ట్రైక్‌కు చేయి ఎత్తడం మొదలుపెట్టాడు. అప్పటికి హోయ్ పెద్ద లీగ్ వదిలి మూడేళ్లు. పైగా అంతకు చాలా ముందు, 1886లోనే, ఎడ్ డండన్ అలబామాలోని మొబీల్‌లో ఒక ఆటకు అంపైరింగ్ చేస్తూ వేళ్లతో స్ట్రైక్‌లు, బాల్‌లు చూపించాడు. హోయ్ స్వయంగా రాసిన వివరణల్లో కనిపించేది అంపైర్ చేయి కాదు, మూడో బేస్ కోచర్ చేయి. కాబట్టి అంపైర్ సైగలకు కర్త హోయ్ ఒక్కడే అనడం నిలబడదు. సంజ్ఞలతో లెక్క చెప్పడం సాధ్యమేనని, సులువేనని వేలాది ప్రేక్షకుల ముందు పద్నాలుగేళ్లు రోజూ చూపించినవాడు మాత్రం అతనే. అంపైర్ కేక వినపడని దూరంలో కూర్చున్న ప్రేక్షకులకు కూడా ఆ పద్ధతి ఎంత మేలో అతని ఆట చూసినవాళ్లకు తెలియకుండా ఉండదు.

పత్రికలవాళ్లు వినికిడి లేని ఆటగాడు ఎవరైనా సరే ‘డమ్మీ’ అని పేరు తగిలించేవారు. హోయ్ కూడా, టేలర్ కూడా ఆ పేరుతోనే రికార్డులకెక్కారు. ఇవాళ ఆ మాట అవమానం. హోయ్ మాత్రం దాన్ని తన పేరుగానే స్వీకరించాడు.

ఆట మానాక సిన్సినాటి దగ్గర మౌంట్ హెల్తీలో పాడి పెట్టుకుని 1924 దాకా నడిపాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆక్రన్‌లోని గుడ్‌ఇయర్ టైర్ల కర్మాగారంలో వందలాది బధిర కార్మికుల బాగోగులు చూసే అధికారిగా పనిచేశాడు. కొడుకు కార్సన్ న్యాయమూర్తి అయ్యాడు. మేనల్లుడు పాల్ హెల్మ్స్ లాస్ ఏంజెలెస్‌లో హెల్మ్స్ బేకరీ స్థాపించాడు.

1951లో అమెరికా బధిర క్రీడా సంఘం తన గౌరవ మందిరానికి మొట్టమొదట ఎంపిక చేసిన పేరు హోయ్‌దే. 1961 అక్టోబర్ 7న, సిన్సినాటి క్రాస్లీ ఫీల్డ్‌లో రెడ్స్‌కు, న్యూయార్క్ యాంకీస్‌కు జరిగిన వరల్డ్ సిరీస్ మూడో ఆటకు ముందు, తొంభై తొమ్మిదేళ్ల హోయ్ లాంఛనంగా తొలి బంతి విసిరాడు. అదే ఏడాది డిసెంబర్ 15న సిన్సినాటిలో కన్నుమూశాడు. 1987లో అతని జీవితం మీద ఒక నాటకం రంగస్థలమెక్కింది. బధిరుల ఉన్నత విద్యకు పెట్టింది పేరైన, వాషింగ్టన్‌లోని గాలడెట్ విశ్వవిద్యాలయం తన బేస్‌బాల్ మైదానానికి హోయ్ పేరు పెట్టుకుంది. సిన్సినాటి రెడ్స్ 2003లో అతన్ని తమ జట్టు గౌరవ మందిరంలో చేర్చుకుంది.

కూపర్స్‌టౌన్‌లోని జాతీయ బేస్‌బాల్ గౌరవ మందిరంలో మాత్రం అతనికి ఇంకా చోటు దక్కలేదు. బధిర సమాజం ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉంది. వాదన తరచు అంపైర్ సైగల కథ దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ కథ మీద సందేహం రాగానే మిగతా వాదన కూడా నీరుగారిపోతుంది. ఆ కథను పక్కన పెట్టి చూసినా, వెయ్యికి పైగా వాక్‌లు, దాదాపు ఆరు వందల బేస్‌లు, సెంటర్ ఫీల్డ్‌లోనే 1,700కు పైగా ఆటలు, ఒక్క ఆటలో హోమ్ ప్లేట్ దగ్గర ముగ్గురు అవుట్ అన్న లెక్క మిగులుతుంది. ఎంపిక సంఘం ముందు పెట్టాల్సిన పత్రం అదే.